నల్లగా పడ్డ ఎర్ర గీత

బూరుగుగుంపు,
3 ఫిబ్రవరి 2025.

సాహిత్యకు, అన్న జయప్రకాశ్ కోపంగా రాస్తున్నది.

ఫోన్ చేస్తే నువ్వు "మీటింగ్‌లో ఉన్నానన్నా" అని కట్ చేస్తావు. ఈ ఊళ్లో సిగ్నల్ దొరకాలంటే నేను గుట్ట ఎక్కాలి. గుట్ట ఎక్కి, ఆయాసపడి, నీ మీటింగ్ కబురు విని దిగి రావడం ఇప్పటికి మూడుసార్లయింది. అందుకే కాగితం పట్టుకున్నాను. దీన్ని కట్ చేయలేవు.

నువ్వు రాసిచ్చిన "హద్దు" ప్రోగ్రాముకు ఏదో రోగం వచ్చింది. మణుగూరు చుట్టుపక్కల ఊళ్లలో భూములు కొలిచి, కొలతలు దాంట్లో ఎక్కించి, పటాలు అచ్చు తీసి రైతుల చేతిలో పెట్టడం రెండేళ్లుగా నా బతుకుతెరువని నీకు గుర్తుందో లేదో. ఇదివరకటి ఊళ్లలో ఆఖర్లో కాస్త మసకేసినా పట్టించుకోలేదు. ఈ ఊళ్లోనూ మొదటి వారం బాగానే నడిచింది. తరవాత పైన మెనూలో అక్షరాలు మాయమయ్యాయి. కిటికీని పక్కకు జరిపితే దాని గీతలు వెనకాలే ఉండిపోతున్నాయి, ఒకదాని మీద ఒకటి, గోడ మీద పాత సున్నంలా. బొత్తాలు ఉండాల్సిన చోట నల్లటి చదరాలు.

పటంలో గీతలు మాత్రం పడుతున్నాయి, కనక పని ఆపలేదు. నువ్వు మరిచిపోయి ఉంటావు గనక మళ్లీ చెబుతున్నాను: నల్ల గీతంటే ఇద్దరూ ఒప్పుకుని రాయి పాతిన హద్దు. ఎర్ర గీతంటే తగువు తేలని హద్దు. నా పటాలకు తహశీల్దారు కచేరీలో విలువ ఉండకపోవచ్చు గానీ, చదువురాని వాళ్లకు కూడా ఇక్కడ ఈ రెండు రంగులూ తెలుసు. కాబట్టి ఇది ఆట కాదు. జల్దీ బాగుచేసి పంపు.

మీ వదిన సరళ చింతతొక్కు పంపుతానంటోంది. ప్రోగ్రాము బాగయ్యేదాకా పంపొద్దన్నాను.

జయప్రకాశ్


ఖమ్మం,
7 ఫిబ్రవరి 2025.

అన్నా,

నీ ఉత్తరం ఆఫీసుకే వచ్చింది. మా వాళ్లంతా చుట్టూ చేరి కవరును అటూ ఇటూ తిప్పి చూశారు. ఈ రోజుల్లో ఉత్తరాలు రాసే మనిషి మీ ఇంట్లో ఉన్నాడా అని ఒకటే నవ్వు. నేను నిజంగానే మీటింగ్‌లో ఉన్నాను, మూడుసార్లూ.

నీ లాప్‌టాప్ ఎప్పటిదో చెప్పు. ఆరేళ్లు దాటింది. దానికి మెమొరీ చాలడం లేదు, అంతే. మణుగూరులో ఏ షాపులోనైనా ఇంకో ఎనిమిది జీబీ వేయించుకో. వదిన మిరపకాయలు ఎండబోసే చోట లాప్‌టాప్ పెట్టొద్దు, ఘాటంతా ఫ్యానులోకి పోతుంది.

ప్రోగ్రాములో తప్పేమీ లేదు. నీ ఉత్తరం చూశాక రెండు రోజులు నా దగ్గర నడిపి చూశాను, రోజూ పది పటాలు తెరిచి, సాయంత్రం అన్నీ మూసి ఇంటికి పోయాను. ఒక్క చుక్క కూడా తేడా రాలేదు. అందరికీ అలవాటైపోయింది, ఏది పాడైనా రాసిన వాళ్ల మీద పడటం.

తొక్కు ఆపడం మాత్రం అన్యాయం.

సాహిత్య


బూరుగుగుంపు,
14 ఫిబ్రవరి 2025.

ప్రోగ్రామర్ గారికి నమస్కారం.

తమరి ఆజ్ఞ ప్రకారం ఒక రోజు పని మానుకుని మణుగూరు పోయాను. షాపు పర్వేజ్ లాప్‌టాప్ చూసి నవ్వాడు. "సార్, ఉన్న మెమొరీనే సగం ఖాళీగుంది. పెట్టుమంటే పెడ్త గని లాభమేం లేదు" అన్నాడు. అయినా పెట్టించాను. ఎందుకంటే మా చెల్లె చదువుకున్నది, షాపువాడికంటే తనకే ఎక్కువ తెలుసని నేను నమ్మాను. నాలుగు రోజులు తిరిగేసరికి నల్ల చదరాలు మళ్లీ వచ్చి కూర్చున్నాయి. ఇప్పుడు నా పరువు పర్వేజ్ షాపులో ఉంది.

ఇక మిరపకాయల సంగతి. మీ వదిన మిరపకాయలు ఎండబెట్టేది మా ఇంటి డాబా మీద. లాప్‌టాప్ ఉండేది ఈ ఊళ్లో నేను తీసుకున్న కిరాయి గదిలో. మధ్యలో ముప్పై కిలోమీటర్ల అడవి ఉంది. ఇంటికి పోయినప్పుడు ఆ వాక్యం చదివి వినిపిస్తే సరళ మొహం మాడ్చుకుని లోపలికి పోయింది. నీ దగ్గర నడిస్తే నా దగ్గర నడిచినట్టు కాదు. నీ దగ్గర భూమి లేదు, తగువు లేదు, నీ గుమ్మంలో నిలబడి పటం ఏదని అడిగేవాడు లేడు.

ఈ ఊళ్లో కొలవాల్సిన చెలకలు ఇంకా తొంభై ఉన్నాయి. బాగుచేస్తావా, లేదా మళ్లీ తాత భూములు కొలిచిన గొలుసు తీసి చేత్తోనే గీసుకోనా?

జయప్రకాశ్


ఖమ్మం,
18 ఫిబ్రవరి 2025.

అన్నా,

వదినను నేనేమీ అనలేదు. మిరపకాయలను అన్నాను. ఆ మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను, ఇక వదిలేయండి.

ఈ కవరులో పెన్‌డ్రైవ్ ఉంది, కొత్త ప్రోగ్రాము అందులో పెట్టాను. రెండు రాత్రుళ్లు కూర్చుని రాశాను. ఇంతకు ముందు గీతలన్నీ తెర మీదే ఒక్కొక్కటి గీసేది, అందుకే జరిపినప్పుడు మరకలు మిగిలిపోయేవి. ఇప్పుడు తెర వెనకాల వేరే కాగితం మీద మొత్తం గీసుకుని, పూర్తయ్యాక ఒక్కసారిగా తెర మీద పెడుతుంది. ఇక మరకలు ఉండవు. చూడటానికి ఎంత బాగుంటుందో నువ్వే చెబుతావు.

నీ పాత ఫైళ్లన్నీ, రెండేళ్లవీ, అదే పెన్‌డ్రైవ్‌లో వేసి వెనక్కి పంపు. నా దగ్గర ఒక నకలుంటుంది. ఇంతకంటే ఏం చేయమంటావు? ఉద్యోగం మానేసి మీ ఊరొచ్చి కూర్చోమంటావా?

నల్ల చదరాలు ఇంకా వస్తే అది నీ లాప్‌టాప్ పాపమే. ముందే చెబుతున్నాను.

సాహిత్య


బూరుగుగుంపు,
11 మార్చి 2025.

సాహిత్యా,

ఆశీస్సులు రాసే ఓపిక లేదు.

నీ కొత్త ప్రోగ్రాము చూడటానికి చాలా బాగుంది. మరకల్లేవు, మసకల్లేవు. అంత శుభ్రంగా ఉంది గనకే నేను కళ్లు మూసుకుని ఫిబ్రవరి 27న తొంభై పటాలూ ఒకే ఊపున అచ్చు తీసి, సంతకాలు పెట్టి పంచేశాను.

ఇక్కడ బొజ్జయ్య అని ఒక కోయ రైతు ఉన్నాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అతని చెలకకూ పక్కనున్న మంగీలాల్ చెలకకూ నడుమ హద్దు తేలలేదు. ఇద్దరూ నా ముందే కూర్చుని, పంటలయ్యాక పెద్దమనుషుల్లో తేల్చుకుందాం, అప్పటిదాకా ఎర్ర గీత ఉండనీ అనుకున్నారు. వాళ్ల కళ్ల ముందే ఎర్రగా కొట్టాను. ఆ నడుమ ముక్కలో బొజ్జయ్య వాళ్ల నాయన నాటి నుంచి ఉన్న ఇప్పచెట్లు రెండున్నాయి. ఏటా ఈ నెలలో అతని భార్య వాటి కిందే పూలు ఏరుకుంటుంది.

పటంలో ఆ గీత నల్లగా పడింది.

మంగీలాల్ ఆ కాగితం చూసి హద్దు తేలిపోయిందనుకున్నాడు. మొన్న శనివారం సిమెంటు స్తంభాలు పాతాడు. కంచె దారిలో అడ్డం వచ్చాయని రెండు చెట్లూ కొట్టేశాడు. అతన్ని ఏమనాలి చెప్పు? "నువ్విచ్చిన కాయితమే గద సార్, నల్లగుంటే తేలినట్టే అని నువ్వే చెప్తివి" అన్నాడు. నిజమే, నేనే చెప్పాను.

బొజ్జయ్య కాగితం పట్టుకుని నా గది దగ్గరికి వచ్చాడు. అరవలేదు. "నా ముంగటనే ఎర్రగ కొట్టినవ్ గద సారూ. ఇద్దరం చూస్తిమి. ఇంటికి తెచ్చిన కాయితంల నల్లగెట్లయింది?" అన్నాడు. చూపిస్తానుండమని లాప్‌టాప్ తెరిచాను. తెర మీద కూడా నల్లగానే ఉంది. అతను తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. కూర్చోమంటే కూర్చోలేదు, సరళ పంపిన బెల్లం గారెలు పెడితే ముట్టుకోలేదు.

ఊరంతా నేను మంగీలాల్‌కు అమ్ముడుపోయానంటోంది. తాత నలభై ఏళ్లు గొలుసు పట్టాడు, నాన్న ముప్పై ఏళ్లు పట్టాడు, ఎవరి నోటా ఆ మాట రాలేదు. నీ పుణ్యమా అని నాకు వచ్చింది.

జయప్రకాశ్


ఖమ్మం,
14 మార్చి 2025.

అన్నా,

చెట్ల సంగతి చదివి బాధపడ్డాను. కానీ నీ ఉత్తరంలో మిగతాదంతా చదివి ఒళ్లు మండింది.

ప్రోగ్రాము రంగు మార్చదు. నువ్వు ఎర్రగా కొడితే ఎర్రగా దాచుకుంటుంది, నల్లగా కొడితే నల్లగా. దానికి బొజ్జయ్య ఎవరో, మంగీలాల్ ఎవరో తెలియదు. రంగు మార్చగలిగేది మనిషే. తొంభై కాగితాల మీద సంతకాలు పెట్టావే, ఒక్కదాన్నైనా చూశావా? చూడకుండా సంతకం పెట్టడం తాత నేర్పాడా, నాన్న నేర్పాడా? కొలతలప్పుడు మధ్యాహ్నం భోజనాలు ఎవరింట్లో అని ఊళ్లో వాళ్లు అడగరా? మంగీలాల్ ఇంట్లోనే కదా, నాటుకోడి కూర గురించి జనవరిలో నువ్వే ఫోన్లో చెప్పావు.

సరే. నేను తప్పించుకున్నానని అనొద్దు గనక ఒక పని చెబుతాను, చేయి. టాస్క్ మేనేజర్ తెరిచి, డిటెయిల్స్‌లో పైన పేర్ల వరస మీద కుడి బొత్తం నొక్కితే ఇంకా ఏమేం చూపించాలో అడుగుతుంది. అందులో "జీడీఐ ఆబ్జెక్ట్స్" అన్నదానికి టిక్ పెట్టు. మన ప్రోగ్రాము పక్కన ఒక అంకె కనిపిస్తుంది. మూడు రోజులు, పొద్దునా సాయంత్రం ఆ అంకె రాసి పంపు. సొంత కవిత్వం కలపకుండా రాయి.

సాహిత్య


బూరుగుగుంపు,
20 మార్చి 2025.

నాటుకోడి కూర తిన్నందుకు హద్దు అమ్ముకున్నానని నా తోడబుట్టినదే రాసింది. ఆ ఉత్తరం సరళకు చూపించలేదు. చూపిస్తే ఆమె జన్మలో నీ గడప తొక్కదు.

అంకెలు ఇవిగో. పదహారు పొద్దున 6,120. సాయంత్రం 7,480. పదిహేడు పొద్దున కూడా 7,480, సాయంత్రం 8,930. పద్దెనిమిది మధ్యాహ్నానికి 9,990 దాటింది, అక్కడి నుంచి ఇక కదల్లేదు. అది ఆగిన గంటలోనే నల్ల చదరాలు వచ్చాయి.

ఇంకోటి విను. పన్నెండో తారీఖున కరెంటు లేక, బ్యాటరీ అయిపోయి లాప్‌టాప్ దానంతటదే చచ్చింది. పదమూడున మళ్లీ పెట్టి బొజ్జయ్య పటం తెరిస్తే గీత ఎర్రగా ఉంది! ప్రాణం లేచొచ్చింది. పరుగెత్తుకుంటూ పోయి అతన్ని పిలుచుకొచ్చి, చూడు, నేను మార్చలేదని చూపించాను. ఏమన్నాడో తెలుసా? "మొన్న నల్లగ చూపిస్తివి, ఇయ్యాల ఎర్రగ చూపిస్తున్నవ్. మిషిను నీ చేతులనే ఉన్నది గద సారూ" అని లేచిపోయాడు. నిన్నమొన్నటిదాకా అనుమానమే, ఇప్పుడు నా చేత్తో నేనే రుజువు చేసినట్టయింది. పద్దెనిమిది సాయంత్రం నేనొక్కణ్నే తెరిచి చూశాను. మళ్లీ నల్లగా ఉంది.

బ్యాటరీ చచ్చింది గనక ఆగింది గానీ, ఊరు పూర్తయ్యేదాకా నేను ప్రోగ్రాము ఆపను. పని అయిపోగానే మూత దించుతాను, పొద్దున మూత ఎత్తి అక్కడి నుంచే మొదలుపెడతాను. మనింట్లో గొలుసు పరిచాక ఊరి హద్దులన్నీ కలిసేదాకా చుట్టిపెట్టరని నీకు కొత్తగా చెప్పాలా? వేంసూరులో ఆ గొలుసు వసారాలో నెలల తరబడి పరిచే ఉండేది, నువ్వు దాన్ని దాటుకుంటూ బడికి పోయావు.

కవిత్వం కలపలేదు. సంతోషమేనా?

జయప్రకాశ్


ఖమ్మం,
24 మార్చి 2025.

అన్నా,

తప్పు నాది.

ఈ మాట రాయడానికి రెండు కాగితాలు చించేశాను. మూడోదానిలో ఇంకేమీ ఆలోచించకుండా మొదటి వాక్యంగా పెట్టేశాను. మంగీలాల్ భోజనం గురించి నేను రాసిన మాట నా జీవితంలో రాసిన అతి నీచమైన మాట. వదినకు చూపించు. ఆమె ఏమన్నా పడతాను.

జరిగింది ఇది. ప్రోగ్రాము గీత గీయాలంటే విండోస్ దగ్గర ఒక పెన్ను అడిగి తీసుకోవాలి, పనయ్యాక తిరిగి ఇచ్చేయాలి. ఒక ప్రోగ్రాముకు అలాంటివి అన్నీ కలిపి పదివేల దాకానే ఇస్తుంది. నువ్వు కొన్న మెమొరీకీ దీనికీ సంబంధం లేదు, ఆ సలహా చెప్పినందుకు పర్వేజ్ ముందు కూడా తలవంచుకుంటాను. నల్ల పెన్ను ప్రోగ్రాము మొదలవగానే ఒకటి తీసుకుని చేతిలో ఉంచుకునేలా రాశాను. రాళ్లకూ చెట్లకూ బాటలకూ ఎర్ర గీతలకూ మాత్రం ప్రతి పటానికీ కొత్తవి తీసుకుంటుంది. వాటిని తిరిగి ఇచ్చే వాక్యం రాయడం మరిచిపోయాను. ప్రోగ్రాము మొత్తం ఆపేస్తే విండోస్ తనంతట తనే అన్నీ లాక్కుంటుంది. నేను రోజూ సాయంత్రం ఆపేదాన్ని, అందుకే నా దగ్గర ఎప్పుడూ బయటపడలేదు. నువ్వు ఆపవు. పదివేలు నిండాక ఎర్ర పెన్ను అడిగితే దొరకలేదు. దొరకనప్పుడు చేతిలో ఉన్న నల్లదానితోనే గీసేసింది. నేను ఫిబ్రవరిలో గొప్పగా పంపిన కొత్తదానిలో తెర వెనక కాగితాలు కూడా తిరిగి ఇవ్వలేదు. రోగం ఇంకా జల్దీ ముదిరింది.

మరిచిపోవడం ఒకటే అయితే ఇంత సిగ్గు ఉండేది కాదు. రెండేళ్ల కింద, నువ్వు ప్రోగ్రాము తీసుకుపోవడానికి వచ్చే ముందు రోజు, ఎక్కువ పటాలు ఒకేసారి తెరిచి చూశాను. "పెన్ను దొరకలేదు" అని తెర మీద ఒక పెట్టె కనపడింది. మర్నాడు నువ్వు బస్సెక్కి వస్తున్నావు. వెతికే టైము లేదని, ఆ పెట్టె మళ్లీ కనపడకుండా ఒక్క వాక్యం రాసి దాని నోరు మూశాను. తరవాత చూద్దామనుకున్నాను. తరవాత చూడలేదు.

నీ మీద కూడా కోపం పోలేదు. నెల రోజులు ప్రోగ్రాము ఆపకుండా నడిపేవాళ్లు లోకంలో మనింట్లోనే ఉంటారు. కానీ ఆ ఇంట్లోనే పుట్టి, ఆ గొలుసు దాటుకుంటూ పెరిగి, ఆ ఇంటి పనికే ప్రోగ్రాము రాస్తూ అది మరిచిపోయినదాన్ని నేనే.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు పంపిన పాత ఫైళ్లలో రంగులు సరిగ్గానే ఉన్నాయి, గీసేటప్పుడే పాడైంది. తేదీల వరసన చూస్తే, ఒక్కో ఊళ్లో డెబ్బై అయిదో పటం దాటాక అచ్చయిన ఎర్ర గీతలన్నీ నల్లగా పడి ఉంటాయి. బూరుగుగుంపులో నా కొత్తది నడిచింది గనక నలభై నుంచే. అన్నీ కలిపి ముప్పై ఒక్కటి. ఆరు ఊళ్లు. పేర్లతో సహా జాబితా ఈ కవరులో ఉంది. తప్పు నాదేనని సంతకం పెట్టి ఇంకో ఉత్తరం కూడా పెట్టాను. ప్రతి ఇంటికీ పోయి అది చదివి వినిపించు.

సాహిత్య


బూరుగుగుంపు,
27 మార్చి 2025.

సాహిత్యా,

తప్పని ఒప్పుకున్నావు, మంచిది. అంతటితో ఆగకుండా నా ఇంటికి నిప్పెందుకు పెడుతున్నావు?

నాలుగు రోజులు ఉందామని ఇక్కడికి వచ్చిన సరళ నిన్న గుట్ట మీదకు పోయి అమ్మతో ఫోన్లో మాట్లాడింది. నువ్వు ఊళ్లన్నింటికీ ఉత్తరాలు రాస్తున్నావట! ఎవరినడిగి రాశావు? ఆ ఊళ్లలో తిరగాల్సింది నేను. నువ్వు ఖమ్మంలో ఫ్యాను కింద కూర్చుని నిజాయితీ చూపించుకుంటే, రాళ్లు పడేది నా మీద.

బొజ్జయ్య సంగతి నేను చూసుకుంటాను. నీ ఉత్తరం అతనికి చదువుతాను, కొత్త పటం ఇస్తాను. మిగతా ముప్పై మందిలో ఒక్కడైనా వచ్చి అడిగాడా? రెండేళ్లయింది కొందరికి. నల్ల గీత చూసి సర్దుకుపోయారు. కొందరు ఆ గట్ల మీద కందులు కూడా వేసుకున్నారు. ఇప్పుడు పోయి అది ఎర్ర గీత అని చెబితే ముప్పై కొట్లాటలు మొదలవుతాయి. మొదలుపెట్టినవాడు జయప్రకాశ్ అంటారు. ఆ తరవాత ఈ అడవిలో నా చేతికి టేపు ఇచ్చేవాడు ఉండడు. సరళకు నువ్వే సమాధానం చెప్పుకో.

జాబితా చించెయ్యలేదు. పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఎవరికి ఉత్తరాలు పంపావో వెంటనే రాయి.

జయప్రకాశ్


ఖమ్మం,
30 మార్చి 2025.

అన్నా,

ఎవరికీ పంపలేదు. నువ్వు వినకపోతే నేనే రాయాల్సి వస్తుందేమో అని అమ్మతో అన్నాను, అమ్మ రాసేసిందని చెప్పింది. మనింట్లో ఏ మాటైనా వేంసూరు దాటేసరికి ఇలాగే అవుతుంది. ఇవాళ ఉగాది. పచ్చడి చేసుకోలేదు, నీ ఉత్తరంతోనే కడుపు నిండింది.

ఎవరూ అడగలేదంటావు. ఎందుకు అడుగుతారు? కింద నీ సంతకం ఉంది. జయప్రకాశ్ సారు నల్లగా కొట్టాడంటే తేలినట్టే అనుకుని, తమది అనుకున్న నేలను నోరెత్తకుండా వదిలేసుకున్నారు. దాన్ని సర్దుకుపోవడం అంటావా? వాళ్లు నమ్మింది నా ప్రోగ్రామును కాదు, నిన్ను. బొజ్జయ్య ఒక్కడు కాగితం పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు గనక అతనికి న్యాయం, మిగతావాళ్లు రాలేదు గనక వాళ్లకు లేదా? నేను ఆ పెట్టె నోరు మూసినప్పుడు సరిగ్గా ఇలాగే అనుకున్నాను. ఇప్పుడు కనపడటం లేదు కదా, తరవాత చూద్దాం అని.

ప్రోగ్రాము మార్చి పంపుతున్నాను. తీసుకున్నవన్నీ తిరిగి ఇస్తుంది. ఎప్పుడైనా పెన్ను దొరక్కపోతే గీయడం ఆపేసి, "గీత గీయలేకపోతున్నాను, ఈ పటం నమ్మవద్దు" అని తెలుగులో చెబుతుంది. అచ్చు కూడా తీయదు. దానికి ఇంత నేర్పడానికి నాకు ఒక్క పూట పట్టింది. నీకు ఎన్నాళ్లు పడుతుంది?

సాహిత్య


బూరుగుగుంపు,
5 ఏప్రిల్ 2025.

సాహిత్యా,

నీ ఆఖరు వాక్యం చదివి కాగితాన్ని ఉండ చేసి విసిరికొట్టాను. సరళ ఏరి, చదునుగా చేసి, మొత్తం చదివింది. చదివి, పెట్టె తాళం తెచ్చి నా ముందు పెట్టింది. ఇంట్లో ఆడవాళ్లంతా ఒక్కటయ్యాక నేనేం మాట్లాడను.

నిన్న బూరుగుగుంపులో అందరినీ పిలిచాను. బొజ్జయ్య, మంగీలాల్, పెద్దమనుషులు, చుట్టుపక్కల చెలకలవాళ్లు. తప్పు నీదేనని సంతకం పెట్టి పంపిన నీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివాను. పెన్ను సంగతి వాళ్లకు సులువుగానే అర్థమైంది, నాకే ఎక్కువ సేపు పట్టింది. తరవాత నా తప్పు నేను చెప్పాను. చూడకుండా తొంభై సంతకాలు పెట్టానని, ఇంకో అయిదు ఊళ్లలో కూడా ఇలాగే జరిగిందని, దాన్ని దాచిపెడదామనుకున్నానని. చెబుతూ మధ్యలో రెండుసార్లు నీ ఉత్తరం అడ్డం పెట్టుకుని మొహం దాచుకున్నాను. ఈ మాట ఇంకెవరికీ రాయను.

ముందు లేచింది మంగీలాల్. "మీ ఇద్దరి మిషిను తప్పుకు నేనెందుకు చెట్లు నరికిన దొంగనైన? ఊరంత నన్నంటున్నరు. మంగ్లి నీళ్లకు పోతే మాట్లాడేటోళ్లు లేరు" అని నా మీదికి వచ్చాడు. మంగ్లి అతని భార్య. ఆమె పక్కనే నిలబడి ఏడుస్తోంది. తిట్టాల్సినంత తిట్టి, స్తంభాలు పీకేస్తానన్నాడు. సాయంత్రానికి సగం పీకేశాడు కూడా. గీత మళ్లీ ఎర్రదైంది. పంటలయ్యాక తేల్చుకుంటారు.

తరవాత బొజ్జయ్య లేచాడు. జాబితా అడిగి తీసుకుని, చదువు రాదు గనక వేలితో వరసలు లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి. తనది ఏదో చూపించమన్నాడు, చూపించాను. "మిగిలినోళ్ల కాడికి నువ్వొక్కనివే పోతే ఎవడు నమ్ముతడు? మళ్ల ఎవడో చెప్పి మార్పిచ్చిండనుకుంటరు. నేనొస్త. నాకైంది నేను చెప్త" అన్నాడు. చేతులు పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నాడు. "నీ మీద కోపం పోయి వస్తలేను సారూ. ఆళ్లకు తెల్వాలె అని వస్తున్న" అన్నాడు.

ఆ తరవాత నీ ఉత్తరం అడిగాడు. చేతిలో పెట్టాను. కాసేపు చూసి మడిచి వెనక్కి ఇచ్చాడు. అతనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఒక్క ముక్క కలపలేదు.

"కాయితం మీద నా గీత పోయింది. తప్పయిందని కాయితం మీదనే రాసి పంపింది. గీతంటే కాయితం మీదుంటది. చెట్లు కాయితం మీద ఉంటయా? ఆ గీసిన మనిషి రావాలె. వచ్చి ఆ మొద్దుల కాడ నిలబడాలె. అప్పుడు పోదాం మిగిలిన ఊర్లకు."

వస్తుందని చెప్పాను. నిన్ను అడగలేదు, అడగను కూడా. కోపం వస్తే తెచ్చుకో, నాక్కూడా ఇంకా పోలేదు. మంగళవారం మొదటి బస్సుకు బయలుదేరు. మణుగూరులో బండి పెట్టుకుని ఉంటాను.

జయప్రకాశ్